వేషాలు తీసేసిన ఒపెరా, వేషాలు అక్కరలేని ఒరటోరియో: కచేరీ హాల్లో ఏది ముందు వినాలి?

ఒపెరా అంటే వేషాలు, తెరలు, దీపాలు, నాట్యం కలగలిసిన రంగస్థల కళ. అయినా లండన్‌లోని బార్బికన్ హాల్లోనూ, న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లోనూ, పారిస్‌లోని షాంజెలీజే థియేటర్లోనూ ఏటా కొన్ని బరోక్ ఒపెరాలను, అంటే సుమారు 1600నుంచి 1750 దాకా యూరప్‌లో రాసినవాటిని, ఇవేవీ లేకుండా కచేరీగా పాడతారు. వేదిక నిండా వాద్యబృందం కూర్చుంటుంది. దాని ముందు ఆరేడుగురు గాయకులు మామూలు కచేరీ దుస్తులలో, కొందరు స్టాండు మీద స్వరలిపి పుస్తకం పెట్టుకుని, కొందరు కంఠతా, మూడు నాలుగు గంటల నాటకాన్ని ఆసాంతం పాడతారు. అదే వేదిక మీద మరో వారం 18వ శతాబ్దపు సంగీతకర్త హ్యాండెల్ ఒరటోరియో, అంటే ఆడకుండా పాడడానికే రాసిన కథ, జరుగుతుంది. చూడడానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, టికెట్టు ధరలో కూడా పెద్ద తేడా ఉండదు. కానీ మొదటిదానిలో ఉండవలసినదేదో తీసేశారు, రెండోదానిలో తీసెయ్యడానికి మొదటినుంచీ ఏమీ లేదు. ఈ తేడా తెలియక ఒక కచేరీకి వెళ్ళి విసుగెత్తి వచ్చి, బరోక్ సంగీతమే తమకు పడదనుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు ఎంచుకున్న రచన ఆ పద్ధతికి సరిపడేది కాదు, అంతే.

ఆకాశవాణిలో ఆదివారాలు సంక్షిప్త శబ్దచిత్రం విన్న తరానికి, బొమ్మ లేకుండా కథ నడవడం వింతగా తోచదు. సంభాషణతో, పాటతో బతికే సినిమా రేడియోలో కూడా రక్తి కట్టేది. పోరాటాలతో, మాయలతో నడిచే సినిమా వచ్చినప్పుడు మాత్రం మధ్యలో వ్యాఖ్యాత వచ్చి ఏం జరుగుతున్నదో చెప్పవలసి వచ్చేది. కచేరీ ఒపెరాను ఎంచుకునేటప్పుడు కూడా అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: కథ సంగీతంలోనే జరుగుతున్నదా, లేక సంగీతం పక్కన వేదిక మీద జరుగుతున్నదా?

ఒరటోరియోకు వేదిక ఎందుకు అక్కరలేకపోయింది

ఒరటోరియో అన్న పేరు రోమ్ నగరంలోని ప్రార్థనామందిరాలనుంచి వచ్చింది. అక్కడ 17వ శతాబ్దంలో బైబిలు కథలను పాత్రలుగా విడగొట్టి పాడేవారు కాని ఆడేవారు కాదు. హ్యాండెల్ యువకుడిగా రోమ్‌లో ఉన్న 1707, 1708 సంవత్సరాలలో పోపు ఆజ్ఞవల్ల అక్కడ ఒపెరా ప్రదర్శనలు లేవు. అందుచేత ప్రభువుల భవనాలలో ఒరటోరియోలే ఒపెరా ఆకలి తీర్చేవి. 1708 ఈస్టరునాడు రుస్పోలి ప్రభువు భవనంలో జరిగిన ‘లా రెసుర్రెజియోనే’ అటువంటిదే. అందులో ఒక స్త్రీ పాడిందని పోపు అభ్యంతరం చెప్పడంతో, మరునాటి ప్రదర్శనలో ఆమె స్థానంలో ఒక కాస్త్రాటోను, అంటే చిన్నతనంలోనే శస్త్రచికిత్సతో పైస్థాయి గొంతు నిలిపిన మగ గాయకుణ్ణి, పెట్టవలసి వచ్చింది.

లండన్‌లో జరిగిన కథ మన ఎంపికకు ఇంకా దగ్గరిది. 1732లో హ్యాండెల్ ‘ఎస్తేరు’ కథను రంగస్థలం మీద ఆడించాలన్న ప్రయత్నం జరిగినప్పుడు, రాజు గారి ప్రార్థనామందిరంలో పాడే పిల్లలు నాటకశాలలో అభినయించడానికి వీల్లేదని లండన్ బిషప్ ఎడ్మండ్ గిబ్సన్ అడ్డుపడ్డాడు. హ్యాండెల్ దానికి విరుగుడుగా, వేదిక మీద అభినయం ఏమీ ఉండదని, హాలును మాత్రం శ్రోతలకోసం మర్యాదగా అలంకరిస్తామని పత్రికలో ప్రకటన వేయించి, ఆ కథను నిలబడి పాడించాడు. అది బాగా నడిచింది. ఇటలీ నుంచి తెప్పించిన గాయకులకు ఇవ్వవలసిన భారీ పారితోషికాలూ, తెరల ఖర్చూ లేకపోవడం, ఈస్టరుకు ముందరి ఉపవాసకాలంలో నాటకాలు ఆడరాని రోజులలో కూడా ఒరటోరియో జరుపుకునే వీలుండడం, ఇవన్నీ క్రమంగా ఆయనను అటు లాగాయి. 1741లో ‘డీడామియా’ విఫలమైన తర్వాత హ్యాండెల్ మళ్ళీ ఇటాలియన్ ఒపెరా రాయనేలేదు.

అయితే ఆయన నాటకం రాయడం మానలేదు. వేదిక మీద జరగవలసినదాన్ని తెచ్చి స్వరాలలో పెట్టాడు. ఆనాడు హాల్లో దీపాలు ఆర్పేవారు కారు. శ్రోతలు గుమ్మం దగ్గర పాఠం పుస్తకం కొనుక్కుని చదువుతూ వినేవారు, ఆ పుస్తకాలలో ఎవరూ ఆడని నాటకానికి రంగసూచనలు కూడా అచ్చయ్యేవి. 1745 నాటి ‘బెల్షాజర్’లో, తెలుగు బైబిలు చదివినవారికి దానియేలు గ్రంథం 5వ అధ్యాయంలోని బెల్షస్సరు కథగా తెలిసిన దానిలో, రాజు తాగబోతుండగా ఎదుటి గోడ మీద ఒక చెయ్యి ప్రత్యక్షమై రాస్తుందనీ, అతను పాలిపోయి పాత్ర జారవిడుస్తాడనీ పుస్తకంలో ఉంటుంది. ఆ క్షణంలో వాద్యబృందమంతా ఆగిపోయి, వయొలిన్లు మాత్రం, కింద ఏ ఆధారశ్రుతీ లేకుండా, ఒక్కొక్క స్వరాన్నే విడివిడిగా, మెల్లగా వేస్తాయి. వేదిక మీద అట్ట చెయ్యి చూపించే ప్రదర్శనకన్నా, కళ్ళు పుస్తకంలో, చెవులు ఆ సన్నని వయొలిన్ గీతలో పెట్టుకుని కూర్చున్న మనిషికే ఇక్కడ వెన్ను జలదరిస్తుంది.

మొదటి కచేరీకి నా సలహా

ఇంతవరకూ ఏదీ వినని మనిషి నన్ను అడిగితే, హ్యాండెల్ 1739లో పాడించిన ‘సాల్’ తో మొదలుపెట్టమంటాను. చాలామంది ‘మెసయ్య’ తో మొదలుపెడతారు, అది దొరకడం తేలిక గనుక. డిసెంబరు వస్తే అది పాడని ఊరు ఇంగ్లండులో అరుదు. 1741లో 24 రోజులలో పూర్తయి, 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదటిసారి వినిపించిన ఆ రచన గొప్పతనానికి వంక పెట్టడానికేమీ లేదు. కానీ అందులో పాత్రలు లేవు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అది వాక్యాల మాలిక, నాటకం కాదు. వేదిక లేని నాటకం ఎలా ఉంటుందో రుచి చూడదలచినవారికి అది తప్పుడు ద్వారం.

‘సాల్’ అలా కాదు. తెలుగులో సౌలు, దావీదు, యోనాతాను, మీకాలు అన్న పేర్లతో సమూయేలు మొదటి గ్రంథంలో ఉన్న కథే ఇది. 18వ అధ్యాయం ముందురోజు రాత్రి ఒకసారి చదువుకుని వెళితే చాలు. గొల్యాతును చంపి దావీదు తిరిగి వచ్చినప్పుడు స్త్రీలు ఎదురువచ్చి, సౌలు వేలమందిని చంపితే దావీదు పదివేలమందిని చంపాడని పాడతారు. ఆ పాటకు హ్యాండెల్ చిన్న గంటల వాద్యం పెట్టాడు. కీబోర్డు మీద వాయిస్తే సుత్తులు గంటలను కొట్టే పరికరం అది. సరదాగా, ముద్దుగా, పిల్లల ఆటబొమ్మలాగా మోగుతుంది. సౌలు ‘ఏమిటి నేను వింటున్నది’ అని ఉలిక్కిపడి ఆపుతాడు, గంటలు మళ్ళీ మొదలవుతాయి. ఈసారి అదే రాగం రాజు చెవిలో ఎలా గుచ్చుకుంటున్నదో మనకూ తెలుస్తుంది, ఎందుకంటే ఆ గంటలు మన చెవిలోనూ ఆగడం లేదు. అసూయ అనే దాన్ని ఇంత తక్కువ సరంజామాతో చూపించిన రంగస్థలం నేను చూడలేదు. కాస్త తరవాత సౌలు పాడుతున్న ఆరియా, అంటే ఒక్కరే పాడే పాట, ఉన్నట్టుండి మధ్యలో తెగిపోతుంది, వయొలిన్లు పైనుంచి కిందికి జారుతాయి, అదే దావీదు మీదికి విసిరిన ఈటె. మూడో అంకంలో ఎన్దోరులో కర్ణపిశాచం గల స్త్రీ దగ్గరికి సౌలు వెళ్ళే రాత్రి, పాతిపెట్టిన సమూయేలు లేచివచ్చి పలికేటప్పుడు బసూన్ల గరగర ధ్వని, ఆ తర్వాత ట్రాంబోన్లతో, పెద్ద కెటిల్ డ్రమ్ములతో శవయాత్ర సంగీతం, ఇవి చాలు. ఈ సంగీతాన్ని ఆడించి చూపవచ్చునని దర్శకుడు బారీ కోస్కీ 2015లో ఇంగ్లండులోని గ్లైండ్‌బోర్న్ ఒపెరా ఉత్సవంలో నిరూపించాడు. ఆ ప్రదర్శన దొరికితే తప్పక చూడవచ్చు, కాని రెండోసారికి.

సంగీతం అంతా బృందగానంగా ఉండాలనుకునేవారికి ‘ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్’ ఉంది. నిర్గమకాండంలోని తెగుళ్ళన్నీ అందులో వినిపిస్తాయి. కప్పలు గంతులు వేస్తాయి, ఈగలు వయొలిన్లలో ముసురుతాయి, వడగళ్ళు రాలతాయి. అది కథకన్నా చిత్రమాలికకు దగ్గర. బృందగానం బలంగా ఉన్న చోట అయితేనే వెళ్ళండి. ‘సాలమన్’ మొత్తంలో ఒక్క రెండో అంకం, ఒకే బిడ్డకోసం ఇద్దరు తల్లులు వాదించే ఘట్టం, కచేరీకి వన్నె తెస్తుంది. తక్కిన భాగమంతా రాజ్యవైభవమే.

భాష గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇటాలియన్ రాని తెలుగువారికి హ్యాండెల్ ఇంగ్లీషు ఒరటోరియోలు సగం పని తగ్గిస్తాయి. మిగతా సగం మాత్రం ఉంది. నలుగురు నాలుగు స్వరాలలో ఒకరి వెనక ఒకరు అందుకునే కోరస్‌లో ఇంగ్లీషు మాట కూడా ఇంగ్లీషులా వినిపించదు. యెఫ్తా, సొలొమోను, ఎస్తేరు కథలు తెలుగు బైబిల్లో ముందే చదివినవాడు వాక్యం తప్పినా కథ తప్పడు. వివాల్డి 1716లో వెనిస్‌లోని పియెతా అనాథ బాలికల సంస్థకోసం లాటిన్‌లో రాసిన ‘యూదితా త్రియుంఫాన్స్’ కథకు మాత్రం క్యాథలిక్కుల బైబిలు తెరవాలి. యూదితు గ్రంథం ప్రొటెస్టెంట్ల ప్రతులలో ఉండదు. సేనాపతి హోలోఫెర్నెస్‌తో సహా అన్ని పాత్రలనూ అమ్మాయిలే పాడేటట్టు రాసిన రచన అది. జాలీల వెనక ఉండి వాళ్ళు పాడితే శ్రోతలు ముఖాలు కూడా చూసేవారు కారు. అంతకు మించి వేషం అక్కరలేని రచన మరొకటి చెప్పడం కష్టం.

ఒపెరాను ఎంచుకుంటే దేన్ని ఎంచుకోవాలి

హ్యాండెల్ కాలపు ఇటాలియన్ ఒపెరాలో కథ నడిచేది రెసిటటివ్ అనే మాటపాటలో. హార్ప్సికార్డ్, చెల్లోల తోడుతో గబగబా సాగే సంభాషణ అది. మనసు విప్పేది ఆరియాలో. ఆరియా చాలావరకు మూడు భాగాలు: మొదటి భాగం, దానికి విరుద్ధమైన రెండో భాగం, మళ్ళీ మొదటి భాగం. తిరిగి వచ్చిన ఆ మొదటి భాగాన్ని గాయకులు తమ సొంత అలంకారాలతో పాడాలి. మన సంగతులతో దీన్ని పోల్చడం సులువే గాని పోలిక పూర్తిగా అతకదు. సంగతులు వాగ్గేయకారుడో గురుపరంపరో నిలబెట్టినవి, పల్లవి దగ్గరే మెట్టుమెట్టుగా పెరుగుతాయి. ఇక్కడి అలంకారం మధ్యలో ఒక వేరే మనఃస్థితి గడచిన తర్వాత, గాయకుడు తానే కూర్చుకున్నది. పద్యనాటకాలలో ఈలపాటలకూ, రాగాలాపనలకూ మురిసిన మన జనం వన్స్ మోర్ అని అరిచి పద్యం మళ్ళీ పాడించుకునేవారు. ఈ సంగీతకర్తలు ఆ వన్స్ మోర్‌ను రచనలోనే కలిపేశారని నేను సరదాగా అనుకుంటూ ఉంటాను.

రంగస్థలం మీద ఈ మూడో భాగం దర్శకులకు పెద్ద తలనొప్పి. అదే మాట మళ్ళీ పాడుతుంటే చూసేవారికి విసుగని భయపడి, వెనకాల నలుగురిని గంతులేయిస్తారు, కుర్చీలు జరిపిస్తారు. కచేరీలో ఆ గొడవ ఉండదు. గాయని ఒక్కతే, కదలకుండా, తిరిగి వచ్చిన వాక్యాన్ని కొత్తగా పాడుతుంది, మనకు ఆమె ముఖం తప్ప చూడడానికి మరేమీ లేదు. కచేరీ ఒపెరా గొప్ప లాభం ఇదే. నష్టం కూడా ఇక్కడే ఉంది: గాయని సాధారణమైనదైతే ఆ తిరిగి రావడం నిజంగానే పునరుక్తి అవుతుంది, కాపాడడానికి తెర లేదు, దీపం లేదు. కాబట్టి కచేరీ ఒపెరాకు టికెట్టు కొనేటప్పుడు రచన పేరుకన్నా ముందు గాయకుల పేర్లు చూడాలి. ఒరటోరియోకు బృందగానం ఎవరిదో చూడాలి.

1724 నాటి ‘జూలియో చేసరే’ కచేరీకి బాగా నిలుస్తుంది. అందులో సీజరు ఈజిప్టు రాజు టోలమీ కపటాన్ని పసిగట్టి, వేటగాడు చప్పుడు చెయ్యకుండా నడుస్తాడని పాడే ఆరియాకు ఒక కొమ్ముబూర తోడు. కచేరీలో ఆ కళాకారుడు లేచి నిలబడి గాయకుడికి ఎదురుగా వాయిస్తే, వేట ఎవరు, వేటగాడెవరు అన్న పోటీ మన కళ్ళముందే జరుగుతుంది. రెండో అంకం మొదట్లో క్లియోపాత్రా సీజరును వలలో వేసుకోవడానికి తొమ్మిది కళాదేవతల వేదిక కట్టిస్తుంది. హార్ప్, వయొలా డ గాంబా, థియోర్బోలతో వాళ్ళ వాద్యబృందం వేదిక మీదే కనిపించాలని హ్యాండెల్ కోరాడు. కచేరీలో వాద్యకారులు ఎలాగూ కనిపిస్తూనే ఉంటారు గనుక ఆ ఘట్టం ఉన్నదున్నట్టు జరిగినట్టే. 2005లో గ్లైండ్‌బోర్న్‌లో డేవిడ్ మెక్‌వికర్ ఇదే ఒపెరాను హిందీ సినిమా నాట్యపు ఛాయలతో ఆడించాడు. మనవాళ్ళకు చూడడానికి సరదాగా ఉంటుంది, వీడియో దొరుకుతుంది. అది చూసి కచేరీకి వెళితే రెండు పద్ధతుల తేడా ఒక్క రాత్రిలో బోధపడుతుంది.

‘రోడెలిండా’ (1725) ఒక ఇంటి కథ: భర్త చనిపోయాడనుకున్న రాణి, ఆమె కొడుకు, ఆమెను పెళ్ళాడాలని చూసే అపహర్త. మాయలు లేవు, సైన్యాలు లేవు, అందుకే ఏ నష్టమూ లేకుండా కచేరీకి ఒదుగుతుంది. ‘తమెర్లానో’లో ఓడిపోయిన సుల్తాను బజజెత్ విషం తాగి చనిపోయే ఘట్టం తెగిపోతున్న ఊపిరిలాగే ముక్కలుముక్కలుగా సాగుతుంది, దానికి గొంతు ఒక్కటే చాలు. ‘ఒర్లాండో’లో వీరుడికి పిచ్చెక్కినప్పుడు తాళమే అయిదు మాత్రల ఖండనడకలోకి జారిపోతుంది. మనకు ఖండగతి నిత్యం విన్నదే గాని 1733 నాటి లండన్ శ్రోతకు అది కాళ్ళకింద నేల కదిలినంత పని.

ఇక వద్దనేవి. ‘రినాల్డో’ (1711) మొదటి ప్రదర్శనలో ఉద్యానవన ఘట్టంకోసం నిజమైన పిచ్చుకలను వదిలిపెట్టారు, జోసెఫ్ ఆడిసన్ స్పెక్టేటర్ పత్రికలో దాన్ని పట్టుకుని ఆడిపోసుకున్నాడు. కచేరీలో పిచ్చుకల పని ఒక చిన్న రికార్డర్ వేణువే చేస్తుంది, చాలా బాగా చేస్తుంది కూడా. కాని ఆ ఒపెరాలోని తక్కిన మాయలకు, మంత్రగత్తె రథానికి, డ్రాగన్లకు అటువంటి ప్రత్యామ్నాయం లేదు. ‘అల్చీనా’ (1735) పాటలు హ్యాండెల్ రాసినవాటిలో మేలైనవి, ఆ మాట కాదనను. అయితే దీవి, మృగాలుగా మారిన మనుషులు, నర్తకి మరీ సాలే నాట్యబృందంకోసం రాసిన నాట్యాలు, ఇవన్నీ లేనప్పుడు కొత్తవారికి ఎవరు ఎవరిమీద ఎందుకు కోపగించుకున్నారో అర్థం కాదు. ‘సెర్సే’ హాస్యమంతా తారుమారైన ఉత్తరాలలోనూ మారువేషాలలోనూ ఉంది. దానిలోని చెట్టునీడ పాటకోసమే వెళ్ళేవారికి ఒక హెచ్చరిక: తెర లేచిన కొద్ది నిమిషాలకే ఆ పాట అయిపోతుంది, తర్వాత దాదాపు మూడు గంటలుంటుంది. ఫ్రెంచి ఒపెరా, అంటే లుల్లీ, రామో రాసినవి, సాధ్యమైనంతవరకూ ఆడించిన ప్రదర్శనగానే చూడండి. ప్రతి అంకంలోనూ నాట్యానికి ఒక పెద్ద పీట వేసిన రచనలవి, నాట్యగత్తెలు లేని నాట్యసంగీతాన్ని గంటసేపు వినడం, వాద్యబృందం మీద ప్రత్యేకమైన మక్కువ ఉన్నవారికే రుచిస్తుంది.

ఒక్క గంటలో ముగిసేది కావాలంటే పర్సెల్ రాసిన ‘డైడో అండ్ ఈనియాస్’ ఉంది. 1689 నాటికి చెల్సీలోని ఒక బాలికల పాఠశాలలో ఆడినట్టు నమోదైనది. చివర డైడో రాణి విలాపానికి కింద ఒకే బాస్ వరుస, మెట్టుమెట్టుగా దిగజారుతూ, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆమె దుఃఖం ఎంత పైకి లేచినా ఆ కిందికి దిగే వరుస ఆగదు. హాలంతా వెలుతురులో ఉన్నా అక్కడ ఎవరూ దగ్గరు.

రెండిటి మధ్య నిలిచినవి

1744లో హ్యాండెల్ ‘సెమెలీ’ని ఒరటోరియో పద్ధతిలో పాడించాడు. దానికి మూలం నాటకకర్త కాంగ్రీవ్ ఒపెరాగా రాసిపెట్టిన పాఠం. కథ గ్రీకు పురాణంలోని జూపిటర్ ప్రేమవ్యవహారం. ఉపవాసకాలంలో ఇటువంటి శృంగారకథ వినిపించడం అప్పటివారికి రుచించలేదు గాని, ఈనాటి శ్రోతకు ఇది ఒక వరం: ఇంగ్లీషు మాటలు, ఒపెరా పాత్రలు, ఒరటోరియో కోరస్‌లు ఒకేచోట. ఒపెరా అంటే భయం, ఒరటోరియో అంటే భజన అనుకునే జంట ఒకే కచేరీకి వెళ్ళాలంటే ‘సెమెలీ’ని మించినది లేదు.

సెమీ స్టేజ్డ్, అంటే సగం ఆడించినది, అన్న మాట ప్రకటనలో కనిపిస్తే కొంచెం ఆగి చూడండి. ఆ రెండు మాటల కింద రెండు రకాల ప్రదర్శనలు అమ్ముడుపోతాయి. ఒకటి మాంతెవెర్డి పుట్టిన 450వ ఏడాది సందర్భంగా 2017లో జాన్ ఎలియట్ గార్డినర్ తిప్పినటువంటిది. మాంతెవెర్డి మూడు ఒపెరాలనూ గాయకులు కంఠతా పాడుతూ, వాద్యకారుల మధ్యే తిరుగుతూ, చూపుతో, నడకతో కథ నడిపారు. రెండోది, రెండు పూటల రిహార్సలులో కుదుర్చుకున్న కూర్చోవడం, లేవడం, ఒక ఎర్రశాలువా, ఒక కత్తి. ఇది కచేరీ ఏకాగ్రతనూ చెడగొడుతుంది, నాటకపు తృప్తినీ ఇవ్వదు. గాయకులు పుస్తకం లేకుండా పాడతారని ప్రకటనలో ఉంటే మొదటి రకమని ఆశపడవచ్చు. బాక్ ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’ను 2010లో పీటర్ సెల్లార్స్ బెర్లిన్ ఫిల్హార్మానిక్‌తో ఇలా కదిలించాడు, అది నచ్చినవారూ ఉన్నారు, నచ్చనివారూ ఉన్నారు. నామట్టుకు, 1727లో అభినయం లేకుండా ఆరాధనలో వినిపించిన ఆ రచనను మొదటిసారి అలాగే కదలకుండా వినమంటాను.

హాలు, సీటు, గొంతు, కాలం

కార్నెగీ హాలులోని పెద్ద సభాభవనంలో 2800 మంది దాకా పడతారు. లండన్‌లోని విగ్‌మోర్ హాల్లో 552 సీట్లు. థియోర్బో వంటి సన్నని తీగవాద్యం పెద్ద హాలు పై అంతస్తుకు చేరదు, కౌంటర్ టెనర్, అంటే స్త్రీ స్థాయిలో పాడే మగ గాయకుడి, గొంతులో మంద్రస్వరాలు కూడా అంతే. ఒపెరాకు చిన్న హాలు, లేదా పెద్ద హాల్లో కింది అంతస్తు. బృందగానం ఎక్కువున్న ఒరటోరియోకు పెద్ద హాలైనా, చర్చి అయినా ఫరవాలేదు. చర్చి ప్రతిధ్వనిలో మాటపాట మాత్రం కలగాపులగమవుతుంది గనుక రెసిటటివ్ నిండా ఉన్న ఒపెరాను చర్చిలో వినకండి. నేను ఒకసారి చవకగా వస్తున్నదని వాద్యబృందానికి వెనక ఉన్న వరసలో సీటు కొన్నాను. బసూన్ వాయించే ఆయన బట్టతలా, ఆయన గొట్టం విడగొట్టి నీటితుంపర దులుపుకునే తీరూ నాకు కొట్టినపిండి అయ్యాయి గాని, నాలుగు గంటలసేపు గాయకుల వీపులే చూశాను, ఒక్క మాట వినబడలేదు. పై అంతస్తు మొదటి వరసలో దూరంగా కూర్చున్నా సరే, గాయకుల ముఖం మీకు ఎదురుగా ఉండాలి.

ఆనాటి వాద్యాలతో, ఆనాటి శ్రుతిలో, అంటే ఇప్పటి 440 హెర్ట్జ్‌కి బదులు కాస్త తక్కువగా 415 దగ్గర, వాయించే బృందాన్ని ఎంచుకోమని నేను నిస్సంకోచంగా చెబుతాను. హ్యారీ బికెట్ నడిపించే ఇంగ్లిష్ కాన్సర్ట్ బృందం అటువంటిది, హ్యాండెల్ ఒపెరాలనూ ఒరటోరియోలనూ కార్నెగీ హాల్లో వరసగా వినిపిస్తూ వచ్చింది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళకు అది రైలుదూరమే. పేగుతంత్రుల వయొలిన్లు గాయకుణ్ణి ముంచెయ్యవు, అందులోనే సగం ప్రయోజనం ఉంది.

గొంతుల విషయంలో కొత్తవారు తికమకపడేది ఒకటుంది. సీజరు పాత్రను సెనెసీనో అనే కాస్త్రాటోకోసం రాశారు. ఇప్పుడు దాన్ని కౌంటర్ టెనర్ పాడవచ్చు, మెజో సోప్రానో స్త్రీ పాడవచ్చు. అదే ఒపెరాలో యువకుడు సెస్తో పాత్రను మొదటినుంచీ స్త్రీకోసమే రాశారు. నాటకంలో వేషం చూసి పోల్చుకుంటాం, కచేరీలో అందరూ నల్లబట్టలలో ఉండి అందరూ పైస్థాయిలోనే పాడుతుంటే ఎవరు శత్రువో ఎవరు కొడుకో తెలియదు. పాత్రల పేర్లు, వరసలు, పాడేవారి పేర్లు ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని ఒళ్ళో పెట్టుకోండి. హాలులో దీపాలు ఆర్పేస్తారేమో ముందే కనుక్కోండి. ఆర్పేసే చోట, పైన తెరమీద అనువాదం వేస్తారో లేదో కూడా కనుక్కోండి.

రచన పూర్తిగా పాడతారా, కోత ఉందా అన్నది చివరి పరీక్ష. ‘జూలియో చేసరే’ పూర్తిగా అంటే విరామాలు కలుపుకుని నాలుగు గంటలు పైమాటే. కొన్ని ఆరియాలను మొత్తానికి తీసేసినా భరించవచ్చు. ఉన్న ఆరియాల మూడోభాగాన్ని కోసి మొదటి భాగంతో ఆపేస్తే మాత్రం ఆ కచేరీకి వెళ్ళడం దండగ, గాయకుడి ప్రతిభ బయటపడే చోటే అది. గొప్ప ఆరియాల మాలిక అని పేరుపెట్టిన కచేరీలు వేరు, అవి నాటకానికి బదులు కావు.

హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి వినేవారికి రికార్డింగే కచేరీ. దానికీ ఇదే ఎంపిక వర్తిస్తుంది, పైగా ఒక సౌకర్యం అదనం: హ్యాండెల్ అంకం ఒక్కొక్కటి సుమారు గంట, రోజుకొకటి చొప్పున మూడు సాయంత్రాలు పాఠం చేత పట్టుకుని వినవచ్చు. బాక్ రచనలకైతే నెదర్లాండ్స్ బాక్ సొసైటీ 2014 నుంచి వరసగా ఉచితంగా పెడుతున్న వీడియోలలో ‘మాథ్యూ ప్యాషన్’ మొత్తం ఉంది.

‘సాల్’ విని తట్టుకున్నవారికి రెండో టికెట్టుగా నేను చెప్పేది ‘థియొడోరా’. 1750లో జనం రాక విఫలమైనది, హ్యాండెల్‌కు తన రచనలలో బాగా ఇష్టమైనది. అంతియొకయలో విగ్రహానికి మొక్కనన్న క్రైస్తవ కన్యను చెరలో పెట్టి వేశ్యావృత్తికి అప్పగించబోతే, ఆమెను ప్రేమించిన రోమన్ సైనికుడు తన దుస్తులు ఆమెకు తొడిగి పంపించి తాను ఆ చీకటి గదిలో ఉండిపోతాడు. 1996లో సెల్లార్స్ దీన్ని గ్లైండ్‌బోర్న్‌లో ఆధునిక దుస్తులలో ఆడించినప్పుడు అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. అయినా రెండో అంకం చివరి కోరస్‌ను వేషాలు లేకుండానే వినాలి. నాయీను ఊరిలో విధవరాలి కొడుకు పాడెమీద ఉండగా క్రీస్తు చూసిన సంగతి, లూకా 7వ అధ్యాయంలోది, నెమ్మదిగా, నేలకు ఆనుకుని నడిచే స్వరాలలో మొదలవుతుంది. లెమ్మన్న మాట దగ్గర గొంతులు ఒకటొకటిగా లేస్తాయి. ‘మెసయ్య’లోని హల్లెలూయా కన్నా దీన్నే హ్యాండెల్ మిన్నగా ఎంచేవాడని పాఠం రాసిన థామస్ మోరెల్ చెప్పాడు. ఆ కోరస్ అవ్వగానే విరామం ఇస్తారు. కాఫీకోసం వరసలోకి వెళ్ళకుండా అక్కడే కూర్చోండి. మూడో అంకం మొదట థియొడోరా స్నేహితురాలు ఐరీన్ పాడే ప్రార్థన సరిగ్గా ఆ నిశ్శబ్దంలోంచే మొదలవుతుంది.